ముంబయి లోకల్ రైలు: ఇల్లు దూరమైన చరిత్ర

ముంబయివాళ్లకు లోకల్ రైలు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఏ డబ్బాలో ఎక్కితే దాదర్‌లో వంతెన మెట్లు సరిగ్గా ఎదురొస్తాయో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఈ రైలు చరిత్ర ఏమిటి అని ఎవరైనా అడిగితే మాత్రం "1853 ఏప్రిల్ 16, బోరీబందర్ నుంచి ఠాణే" అని ఒక్క మార్కు జవాబు చెప్పి ఊరుకుంటాం. ఆ జవాబు తప్పు కాదు. అయితే ఆ రోజు నడిచిన రైలుకూ మనం రోజూ ఎక్కే లోకల్‌కూ పట్టాలు తప్ప పెద్దగా పోలిక లేదు. ఆ రైలు ఎందుకు పుట్టింది, లోకల్ ఎందుకు పుట్టింది, మధ్యలో మనవాళ్లు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి వెళ్లిపోయారు అన్నది ఈ వ్యాసంలో రాయాలనుకున్నాను.

మొదట 1853 సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అందరూ చదివిందే. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే అనే కంపెనీ, అంటే జి.ఐ.పి. రైల్వే, ఆ లైను వేసింది. సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు, 14 పెట్టెలు, దాదాపు 400 మంది అతిథులు, 21 తుపాకుల వందనం. దూరం 34 కిలోమీటర్లు. కంపెనీ ఇంగ్లండుదే అయినా దాని డైరెక్టర్లలో ఇద్దరు భారతీయులు ఉన్నారు, జగన్నాథ్ శంకర్‌సేఠ్, జంషెడ్జీ జీజీభాయ్. ఆ అతిథుల్లో రోజూ పనికి పోయే కూలివాడు ఒక్కడైనా ఉండి ఉంటాడని నేను అనుకోను. కంపెనీ ఉద్దేశం మనుషుల్ని రోజూ పనికి తీసుకెళ్లి సాయంత్రం ఇంటికి తేవడం కాదు. దక్కన్‌లో పండిన పత్తి ఓడరేవుకు చేరాలి, అక్కడి నుంచి ఇంగ్లండు గిరణీలకు పోవాలి. అందుకే ఠాణే తర్వాత 1854లో కల్యాణ్, ఆ తర్వాత కొండలు.

ఈ కొండల దగ్గర కొంచెం ఆగాలి. బోర్ ఘాట్, అంటే మనం పుణె వెళ్లేటప్పుడు కర్జత్ దాటాక సొరంగాల్లోంచి పోతామే, ఆ దారి. అది 1863లో తయారైంది. 1861లో ఒక దశలో 42,000 మంది అక్కడ పనిచేశారట. ఎంతోమంది జబ్బులతోను, ప్రమాదాలతోను అక్కడే చనిపోయారు. కాంట్రాక్టరు సోలమన్ ట్రెడ్వెల్ కూడా వచ్చిన కొద్ది రోజులకే జబ్బుచేసి పోయాడు. ఆయన భార్య ఆలిస్ ఆ కాంట్రాక్టును వదలకుండా పని పూర్తి చేయించింది. పుస్తకాల్లో ఆమె పేరు ఉంటుంది, కూలీల పేర్లు ఉండవు. కర్జత్ మీదుగా వెళ్లినప్పుడల్లా వడాపావ్ మీద ఉన్న శ్రద్ధలో కొంచెం ఆ సొరంగాల మీద పెట్టొచ్చు అనిపిస్తుంది.

ఘాట్ దాటిన లైను షోలాపూర్ మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర మద్రాసు నుంచి వచ్చే లైనును కలిసింది. 1874లో నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు పడింది. ఈ రెండు తారీఖులు మన ఇళ్లకు సంబంధించినవి. మనవాళ్లు అంతకు ముందే బొంబాయిలో ఉన్నారు. కామాఠీలని పేరుపడ్డ తెలుగు కూలీలు 18వ శతాబ్దం చివరి నుంచే ఇక్కడికి వచ్చి రోడ్లు, కట్టడాల పనులు చేశారు. కామాఠీపురా అన్న పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఆ పేరు చెప్తే ఇప్పుడు జనం ముఖం ఒకలా పెడతారు గానీ, అది మొదట ఈ ఊరిని కట్టినవాళ్ల వాడ. వాళ్లకు రైలు లేదు, కాలినడకా బండ్లే. రైలు పడిన తర్వాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు మగ్గాలు వదిలి షోలాపూర్‌కు, అక్కడి నుంచి బొంబాయి గిరణీలకు రావడం సులువైంది. మా తాత వాళ్ల నాయన అట్లా వచ్చినవాడే.

గిరణీ అంటే బట్టల మిల్లు అని ఊళ్లో ఉన్న మన చుట్టాలకు చెప్పాల్సి వస్తుంది, ఇక్కడ చదివేవాళ్లకు అక్కర్లేదు. కావస్జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వ్యాపారి 1854లో తాడ్‌దేవ్‌లో మొదటి మిల్లు కంపెనీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత పరేల్, లాల్‌బాగ్, వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ అంతా పొగ గొట్టాలు లేచాయి. ఆ ప్రాంతానికి గిరణ్‌గావ్ అనే పేరు వచ్చింది. గిరణీల పక్కనే చాల్‌లు లేచాయి. ఒక గది, బయట పొడుగాటి వరండా, వరండా చివర అందరికీ కలిపి నల్లా. ఆ గదిలో షిఫ్టుల ప్రకారం మనుషులు పడుకునేవాళ్లు. ఒకడు లేచి పనికి పోతే రాత్రి షిఫ్టు దిగినవాడు అదే చాప మీద పడుకునేవాడు. మా తాత మాటల్లో చెప్పాలంటే, "మేం రైలెక్కి పనికి పోలె బిడ్డా. భోంగ మోగంగనే చాల్ దిగి పోయేటోళ్లం. మళ్ల తిన్నీకి ఇంటికొచ్చి పోయేటోళ్లం."

ఈ మాటను నేను మొదట అంతగా పట్టించుకోలేదు. ఈ వ్యాసం కోసం తారీఖులన్నీ వరసగా రాసుకున్నాక దాని విలువ తెలిసింది. బొంబాయికి రైలు వచ్చిన చాలా ఏళ్ల తర్వాత కూడా గిరణీ కార్మికుడు నడిచే పనికి వెళ్లాడు. ఇల్లు పక్కనే ఉంటే రైలు ఎందుకు?

అట్లని మరీ లోకల్ రైళ్లు లేవని కాదు. 1867 ఏప్రిల్‌లోనే విరార్ నుంచి బొంబాయికి బి.బి. అండ్ సి.ఐ. రైల్వే రోజుకొక రైలు మొదలుపెట్టింది. పశ్చిమం వైపు బాంద్రా, అంధేరీ, మధ్య వైపు ఠాణే, కల్యాణ్ నుంచి ఆఫీసు గుమాస్తాలు, వ్యాపారులు, కూరగాయలవాళ్లు, పాలవాళ్లు వచ్చేవాళ్లు. 1890 నుంచి డబ్బావాలాల పని మొదలైంది, వాళ్లకీ రైలే ఆధారం. కానీ అవి బొగ్గు రైళ్లు. బొగ్గు ఇంజను బయలుదేరి వేగం అందుకునేసరికే చాలా సేపు పడుతుంది, అంతలో తర్వాతి స్టేషన్ వచ్చేస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు చివరి స్టేషన్‌లో. ఇంజను రైలుకు ముందు ఉంటుంది. చివరికి చేరాక దాన్ని విప్పాలి, పక్క పట్టా మీదుగా రెండో కొసకు తేవాలి, మళ్లీ తగిలించాలి. అంతసేపూ ప్లాట్‌ఫారం ఖాళీ కాదు. వెనక వచ్చే రైలు బయట నిలబడాలి. ఇట్లాంటి పద్ధతిలో మూడు నిమిషాలకొక రైలు నడపడం ఎవరి తరం కాదు.

ఈ చిక్కు విడిపోయిన రోజు 1925 ఫిబ్రవరి 3. నా లెక్క ప్రకారం లోకల్ పుట్టినరోజు అదే. విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా దాకా, హార్బర్ లైను మీద, దేశంలోనే మొదటి కరెంటు రైలు నడిచింది. గవర్నరు సర్ లెస్లీ విల్సన్ దాన్ని ప్రారంభించాడు. పైన తీగలో 1500 వోల్టుల డైరెక్ట్ కరెంటు. నాలుగు పెట్టెల రైలు. ఇంజను విడిగా లేదు, మోటార్లు పెట్టెల కిందే ఉన్నాయి, రెండు కొసలా నడిపే క్యాబిన్ ఉంది. చివరి స్టేషన్‌కు చేరగానే విప్పడం, తిప్పడం ఏమీ లేదు. రెండో కొసలో క్యాబిన్ ఎక్కి వచ్చిన దారినే వెనక్కి నడపడమే. వినడానికి ఇది చాలా చిన్న సంగతిలాగ ఉంటుంది. కానీ ఈ చిన్న సంగతి లేకపోతే ముంబయి ఇంత పొడుగు ఊరు అయ్యేదే కాదు.

హార్బర్ లైను కథలో ఇంకొక విషయం ఉంది. ఆ లైను 1910లో కుర్లా నుంచి రే రోడ్ దాకానే వేశారు. పేరులోనే ఉంది కదా, అది ఓడరేవు కోసం. కాటన్ గ్రీన్, డాక్‌యార్డ్ రోడ్, ఈ స్టేషన్ల పేర్లు చదివితే చాలు, అక్కడ ఏం జరిగేదో తెలిసిపోతుంది. పత్తి, ధాన్యం, గోదాములు, రేవు. రే రోడ్ నుంచి విక్టోరియా టెర్మినస్ చేరాలంటే ఇళ్ల మధ్యలోంచి, మెయిన్ లైను పైనుంచి దాటాలి. అందుకని పట్టాలనే ఎత్తి స్తంభాల మీద వేశారు. శాండ్‌హర్స్ట్ రోడ్‌లో ఇప్పటికీ కింద మెయిన్ లైను స్టేషన్, పైన హార్బర్ స్టేషన్ ఉంటాయి. పైన ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎదురింటి మూడో అంతస్తులో ఆరేసిన బట్టలు చేతికందేటంత దగ్గరగా కనిపిస్తాయి. మెట్రో వచ్చాక అందరూ ఆకాశంలో రైలు అని ఆశ్చర్యపోతున్నారు, హార్బర్ లైనువాళ్లు మాత్రం వందేళ్ల నుంచి ఆకాశంలోనే పోతున్నారు.

1928 జనవరి 5న పశ్చిమం వైపు కొలాబా నుంచి బోరివలీ దాకా కరెంటు రైలు నడిచింది. అప్పట్లో ఆ లైను చివరి స్టేషన్ చర్చ్‌గేట్ కాదు, కొలాబా. 1930 డిసెంబరు 31తో దాన్ని మూసేశారు. జి.ఐ.పి. వైపు కరెంటు కల్యాణ్ దాకా, ఆ తర్వాత ఘాట్‌లు దాటి పుణె, ఇగత్‌పురి దాకా పోయింది.

రైలు తొందరగా వస్తే ఊరు పొడుగవుతుంది. ఎందుకంటే మనిషి దూరాన్ని కిలోమీటర్లతో కొలవడు, గంటలతో కొలుస్తాడు. ముంబయికి పశ్చిమాన సముద్రం, తూర్పున రేవు, దక్షిణాన మళ్లీ సముద్రం. పెరగడానికి మిగిలింది ఉత్తరమే, అక్కడికి పట్టాలు ముందే వేసి ఉన్నాయి. దేశవిభజన తర్వాత సింధు నుంచి వచ్చిన శరణార్థులను కల్యాణ్ దగ్గరి మిలిటరీ శిబిరాల్లో ఉంచారు, 1949లో అదే ఉల్హాస్‌నగర్ అయింది. డోంబివలీ, అంబర్‌నాథ్, విరార్, వసాయి, ఒక్కొక్కటే పల్లె నుంచి పట్నం అయ్యాయి. ఇండికేటర్ మీద అక్షరాలు చూస్తాం కదా, ఠాణేకు టి, కల్యాణ్‌కు కె, అంబర్‌నాథ్‌కు ఎ. మరి కసారాకు ఎన్, కర్జత్‌కు ఎస్ ఎందుకు? కల్యాణ్ దగ్గర లైను రెండుగా చీలుతుంది, ఒకటి ఈశాన్యానికి, ఒకటి ఆగ్నేయానికి. ఇంగ్లీషులో నార్త్ ఈస్ట్ అనే మాటలో మొదటి అక్షరం ఎన్, సౌత్ ఈస్ట్‌లో ఎస్. కర్జత్‌కు, కసారాకు, కల్యాణ్‌కు మూడింటికీ కె పెడితే ఎట్లా ఉండేదో ఊహించుకోండి.

ఇంతవరకూ గిరణీలు నడుస్తూనే ఉన్నాయి, మనవాళ్లు చాల్‌లలోనే ఉన్నారు. మార్పు 1982లో వచ్చింది. ఆ ఏడాది జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది గిరణీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె గెలవలేదు, ఎవరూ దాన్ని ముగించినట్టు అధికారికంగా చెప్పనూ లేదు. కొన్ని గిరణీలు మళ్లీ తెరిచారు, చాలామందిని మళ్లీ పనిలోకి తీసుకోలేదు. 1991లో వచ్చిన నిబంధనలతో గిరణీ భూములు అమ్ముకోవడానికి దారి తెరుచుకుంది. పొగ గొట్టాలు పోయి అద్దాల మేడలు లేచాయి. మా తాత పనిచేసిన గిరణీ కూడా మూతపడింది. చాల్‌లో గది అమ్మేసి, వచ్చిన డబ్బుతో కల్యాణ్ తూర్పున రెండు గదులు కొన్నారు. నాయినమ్మ దాన్ని "ఊరు బయట పడ్డం" అని ఇప్పటికీ అంటుంది.

అసలు విచిత్రం ఇక్కడుంది. మా బాపు ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు. ఆయన పనిచేసే మేడ, తాత పనిచేసిన గిరణీకి కూతవేటు దూరంలో ఉంది. పని అక్కడే ఉంది, ఇల్లు మాత్రం దాదాపు 50 కిలోమీటర్లు జరిగింది. తాత భోంగ విని నడిచి పోయేవాడు, బాపు పొద్దున ఐదున్నరకు లేచి కల్యాణ్‌లో ఫాస్ట్ పట్టుకుంటాడు. దాదర్‌లో దిగి స్లో మారతాడు. పోను రాను మూడు గంటలు. మా చాల్ వాళ్లలో చాలా కుటుంబాలు ఇట్లానే డోంబివలీ, కల్యాణ్, నాలాసోపారా, పన్వేల్ వైపు పోయాయి. కొందరు భివండీ మగ్గాల దగ్గరికి పోయారు.

దీన్ని మనసులో పెట్టుకుని 2017 సెప్టెంబరు 29 గురించి చదవాలి. ఆ రోజు పొద్దున ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ దగ్గర పాదచారుల వంతెన మెట్ల మీద తొక్కిసలాట జరిగింది. వాన పడుతోంది, జనం వంతెన మీదే ఆగిపోయారు, వెనక నుంచి రైళ్లు ఇంకా జనాన్ని దింపుతూనే ఉన్నాయి. 23 మంది చనిపోయారు. పత్రికల్లో వదంతి అని రాశారు, వాన అని రాశారు. నాకు అనిపించేది వేరు. గిరణీలు ఉన్న కాలంలో అక్కడి కార్మికులు చుట్టుపక్కల చాల్‌ల నుంచి నడిచి వచ్చేవాళ్లు, ఆ స్టేషన్‌లో దిగేవాళ్లు తక్కువ. గిరణీల చోట ఆఫీసులు వచ్చాక వాటిలో పనిచేసేవాళ్లంతా దూరం నుంచి రైల్లోనే రావాలి. పైన కొత్త మేడలకు అనుమతులు వచ్చాయి. కింద మెట్లు మాత్రం పాతవే ఉన్నాయి. మేడ ఎన్ని అంతస్తులో లెక్కపెట్టినవాళ్లు ఆ మేడలోకి ఎంతమంది మెట్లెక్కి రావాలో లెక్కపెట్టలేదు. ప్రమాదం తర్వాత సైన్యం వచ్చి కొత్త వంతెన కట్టింది, 2018 ఫిబ్రవరిలో తెరిచారు. అంటే అయిదు నెలల్లో అయ్యే పనే. అదే ఏడాది జులైలో స్టేషన్ పేరు ప్రభాదేవి అయింది.

రద్దీ గురించి అందరికీ తెలుసు గనక లెక్కలు మాత్రం చెప్తాను. కరోనాకు ముందు ముంబయి లోకల్ రైళ్లలో రోజుకు 70 లక్షల మందికి పైగా ప్రయాణం చేసేవాళ్లు. మూడు వేలకు పైగా రైళ్లు రోజూ నడుస్తాయి. నాలుగు పెట్టెలతో మొదలైన రైలు ఎనిమిదికి, 1960ల్లో తొమ్మిదికి, 1986లో పన్నెండుకు, 2009లో పదిహేనుకు పెరిగింది. అయినా సరిపోలేదు. రద్దీ వేళ ఒక చదరపు మీటరులో 14 నుంచి 16 మంది నిలబడతారని రైల్వేవాళ్లే లెక్క కట్టారు, దానికి ఇంగ్లీషులో ఒక పేరు కూడా పెట్టారు, సూపర్ డెన్స్ క్రష్ లోడ్ అని. మా తరగతిలో నేల మీద చాక్‌పీసుతో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గీసి నిలబడి చూశాం. తొమ్మిది మంది దగ్గరే నవ్వులు, పదకొండు మంది దగ్గర తిట్లు మొదలయ్యాయి. పద్నాలుగు కాలేదు. పైగా మాకు సంచులు లేవు, బండి కదలడం లేదు.

నవ్వుకున్నాం గానీ ఇది నవ్వే విషయం కాదు. ముంబయి రైలు పట్టాల మీద ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. పట్టాలు దాటుతూ కొందరు, డబ్బా తలుపు దగ్గర నుంచి జారిపడి కొందరు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర మలుపులో ఎదురెదురుగా పోతున్న రెండు రైళ్ల తలుపుల దగ్గర వేలాడేవాళ్లు ఒకళ్లకొకళ్లు తగిలి పడిపోయారు, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కొత్త రైళ్లకు వాటంతటవే మూసుకునే తలుపులు పెడతామన్నారు. తలుపు మూస్తే గాలి ఎట్లా, లోపల చోటు లేనివాడు ఎక్కడ నిలబడాలి అనే ప్రశ్నలు ఉన్నాయి. ముంబ్రా మలుపు కల్యాణ్ నుంచి దాదర్ వెళ్లే దారిలోనే ఉంది. ఆ రోజు బాపు ఫోను ఎత్తేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇట్లాంటివి జరిగిన ప్రతిసారీ మర్నాడు రైళ్లు నిండుగా నడిచాయని, ఇదే ముంబయి ధైర్యమని టీవీలో చెప్తారు. 2005 జులై 26న ఒక్క రోజులో శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడి, జనం పట్టాల మీద నడిచి ఇళ్లకు చేరినప్పుడు అన్నారు. 2006 జులై 11న పశ్చిమ లైను రైళ్లలో పదకొండు నిమిషాల్లో ఏడు బాంబులు పేలి 180 మందికి పైగా చనిపోయినప్పుడూ అన్నారు. ఆ మాట నాకు నచ్చదు. రోజు కూలి మీద బతికేవాడు మర్నాడు రైలెక్కకపోతే ఇల్లు గడవదు. అది ధైర్యం కంటే ముందు అవసరం. రైలు ఆగితే ఏమవుతుందో 2020లో చూశాం. మార్చి 22 రాత్రి నుంచి లోకల్ ఆగింది. జూన్ 15న మొదలైనప్పుడు ఆసుపత్రి, మునిసిపాలిటీ వంటి అవసరమైన పనులవాళ్లకే. మామూలు జనానికి 2021 ఫిబ్రవరిలో, అదీ కొన్ని గంటల్లోనే. బాపు ఆ నెలల్లో బస్సులు మారుతూ నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళ్లేవాడు, కొన్నాళ్లు పనిలోనే పడుకున్నాడు. అప్పుడు నేను ఆన్‌లైన్ తరగతుల్లో ఉన్నాను, ఫోను ఒకటే, అది బాపు దగ్గర ఉండేది.

మరీ ఏడుపు కథ చేయకుండా ఆడవాళ్ల డబ్బా గురించి కూడా రాయాలి. 1992 మే 5న చర్చ్‌గేట్ నుంచి బోరివలీకి మొత్తం ఆడవాళ్ల కోసమే ఒక రైలు నడిపారు, ప్రపంచంలో అదే మొదటిదని చెప్తారు. మామూలు రైళ్లలో ఆడవాళ్లకు వేరే డబ్బాలు ఉంటాయి. సాయంత్రం తిరుగు రైల్లో అక్కలు, పెద్దమ్మలు కూర్చుని బఠానీలు ఒలుస్తారు, మెంతికూర తెంపుతారు, ఇంటికి చేరేసరికి సగం వంట పని అయిపోతుంది. సీటు దొరకాలంటే ముందు "ఎక్కడ దిగుతారు?" అని అడిగి పెట్టుకోవాలి. అడిగినవాళ్లదే ఆ సీటు, మధ్యలో వేరేవాళ్లు కూర్చుంటే పెద్ద గొడవ. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగో మనిషి సగం కూర్చోవడం కూడా హక్కే. ఇవి ఏ రైల్వే చట్టంలోనూ లేవు, కానీ అందరూ పాటిస్తారు.

తీగల్లోని కరెంటు కూడా మారింది. 1925 నాటి 1500 వోల్టులు చాలక 25,000 వోల్టుల ఏసీకి మార్చారు. పశ్చిమ లైనులో 2012లో, హార్బర్ లైనులో చివరిగా 2016లో ఈ పని ముగిసింది. పదో తరగతి విజ్ఞానశాస్త్రంలో చదివిందే ఇది: వోల్టేజి పెరిగితే అంతే శక్తికి తక్కువ కరెంటు చాలు, తీగలో వేడై పోయే నష్టం తగ్గుతుంది, పెద్ద రైళ్లు నడపొచ్చు. ఆ మార్పు పూర్తయిన తర్వాతే హార్బర్ మీద అన్నీ పన్నెండు డబ్బాల రైళ్లు అయ్యాయి. ఓడరేవు కోసం పుట్టిన ఆ లైనే 1992లో ఖాడీ దాటి వాశీకి, 1998లో పన్వేల్‌కు వెళ్లింది. వాశీ లైనుకు రైల్వే ఒక్కటే డబ్బు పెట్టలేదు, నవీ ముంబయిని కట్టిన సిడ్కో మూడింట రెండు వంతుల ఖర్చు భరించింది. ఊరు కట్టేవాళ్లే రైలు ఖర్చులో వాటా పెట్టాలన్న ఆ పద్ధతి గిరణ్‌గావ్‌లో మేడలు కట్టినవాళ్లకు ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాదు. 2024 జనవరిలో ఉరణ్ దాకా లోకల్ వెళ్లింది. అక్కడా ఇప్పుడు మేడలు లేస్తున్నాయి.

చివరిగా మన బడి సంగతి. ఇది గిరణీ కార్మికుల పిల్లల కోసం వాళ్ల వాడలోనే మొదలైన బడి. అప్పట్లో పిల్లలు చాల్ దిగి నడిచి వచ్చేవాళ్లు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయేవాళ్లు. మా తాత, బాపు, ఇద్దరూ అట్లా చదివినవాళ్లే. ఇప్పుడు మా తరగతిలో సగం మందికి పైగా రైల్లో వస్తాం. ఇళ్లు జరిగిపోయాయి, తెలుగు బడి మాత్రం జరగలేదు, కల్యాణ్‌లో మా ఇంటి దగ్గర తెలుగు మీడియం లేదు. కొందరు తల్లిదండ్రులు అంత రద్దీలో పిల్లల్ని పంపలేక దగ్గర్లోని ఇంగ్లీషు బడిలో వేశారు. వాళ్లను తప్పు పట్టలేం. మా కింది తరగతుల్లో పిల్లలు తగ్గుతున్నారంటే దానికి భాష మీద ప్రేమ తగ్గిందని సభల్లో పెద్దలు అంటుంటారు. ఒకసారి పొద్దున ఏడున్నరకు ఠాణేలో మా డబ్బా ఎక్కి చూసి అప్పుడు చెప్పమనాలి.

మూడు నెలలకొకసారి విద్యార్థుల పాసు కోసం ఆఫీసులో ఫారం తీసుకుంటాం. పేరు, పుట్టిన తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి అని నింపి హెడ్‌మాస్టరు సంతకం పెడతారు. ఆ ఫారాలు చూసే మేడమ్ చెప్పారు, తను చేరిన కొత్తలో అందరికంటే దూరం నుంచి వచ్చే పిల్ల ములుండ్ నుంచి అట. ఈ ఏడాది కొత్తగా టిట్‌వాలా అని ఒక ఫారం వచ్చింది. అయిదో తరగతి పిల్ల.